నవల ఆరో అధ్యాయంలో ఆగింది, వారమంతా చదవడం, సినిమాలు చూడటమే సరిపోయింది

పెన్నగట్టు (కడప) | ఆదివారం, రాత్రి 10:40

ఈ వారం జమాఖర్చు ఇక్కడ రాస్తున్నా. తిట్టేవాళ్లు తిట్టండి, దారి చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

కొత్తగా చేరినవాళ్లకు: నా నవల ఒక టూరింగ్ టాకీసు ఆపరేటరు కథ. కాలం 1970ల నడిమి. జమ్మలమడుగు, మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో డేరా వేసి సినిమాలు ఆడించే చిన్న కంపెనీ. మొదటి అధ్యాయాలు చకచకా సాగాయి. ఆరోది మొరాయించింది. అందులో జరిగేది ఒక్క రాత్రి, ఒక్క ఆట. సినిమా నడుస్తుండగా, పెళ్లాం ఇల్లు వదిలి వెళ్లిపోయిందన్న కబురు ఆపరేటరుకు అందుతుంది. ఆట అయిపోయాక అతను సామాను సర్దుతాడు. అంతే. రాస్తుంటే మాత్రం ప్రతి వాక్యమూ టీవీ సీరియల్ డైలాగులా వస్తోంది.

సోమవారం ఆఫీసు నుంచి రాగానే కూర్చున్నా. ఫైలు పేరు మార్చాను, ఫాంటు మార్చాను, లేచాను. తర్వాత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ మళ్లీ పట్టుకుంటే పడుకునేసరికి ఒంటిగంట దాటింది. మంగళవారం ఫోన్లో ‘మల్లీశ్వరి’. పులివెందుల పక్కన కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి గారి సినిమా కాబట్టి అది చూడటం కూడా పనికిందే లెక్క అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. బుధవారం సెలవు పెట్టి సి.పి. బ్రౌన్ లైబ్రరీకి పోయాను, పాత టాకీసుల గురించి ఏమైనా దొరుకుతుందేమోనని. చేతికి దొరికింది మెకంజీ కైఫీయత్తులు. రెండొందల ఏళ్ల కిందట మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి ఊరూరా రాయించి పెట్టుకున్న సంగతులు. చెరువు ఎవరు కట్టించారు, గుడి మాన్యం ఎవరి చేతికి పోయింది, ఏ పాళెగాడు ఎవరిమీద పడ్డాడు. సాయంత్రం దాకా తల ఎత్తలేదు. నవలకు ఒక్క ముక్క పనికిరాదు. కానీ ఎంత బాగుందో!

గురువారం కరెంటు పోయింది, రాయలేదు. ఉన్నా రాసేవాణ్ణి కాదు. శుక్రవారం ఏడు రోడ్ల దగ్గర స్నేహితులు దొరికి కొత్త సినిమాకు లాక్కుపోయారు. దాని గురించి చెప్పడానికేమీ లేదు, ఏసీ బాగుంది. శనివారం ‘కొండపొలం’ సినిమా.

ఇదంతా రాతలో భాగమేనా, ఎగ్గొట్టడమా? మొహమాటం లేకుండా చెప్పండి.

కారందోసె (కడప) | ఆదివారం, రాత్రి 10:58

అన్నా, వారమంతా సుఖపడి చివర్లో కష్టం చెప్పుకుంటున్నావు చూడు, అది నచ్చింది. నేనైతే కథ ఆగితే బీరువా సర్దుతా. మా ఇంట్లో బీరువా నీటుగా ఉందంటే కథ ఆగిందని అమ్మకు తెలిసిపోతుంది.

ఎగ్గొట్టడమే. కానీ పాపం కాదులే.

బురుజు (కర్నూలు) | సోమవారం, ఉదయం 6:15

ఇందులో చర్చించడానికి ఏముందండీ? రోజూ ఒకే టైముకు కూర్చోవాలి. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ చాలాకాలం పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే రాశాడు. తెల్లవారి 5:30కి బల్ల ముందు ఉండేవాడు. ఎదురుగా వాచీ పెట్టుకుని పావుగంటకు 250 పదాల లెక్కన రాసేవాడు. అట్లా 47 నవలలు. మనవాళ్లు మాత్రం మూడ్ రాలేదంటారు. మూడ్ అనేది కూర్చున్నాకే వస్తుంది. కూర్చోనివాడికి నిద్ర వస్తుంది.

లైబ్రరీకి పోవడం, సినిమా చూడటం రాసిన రోజు చేయండి. రాయని రోజు వద్దు.

ఉగ్గాని (అనంతపురం) | సోమవారం, ఉదయం 9:20

బురుజు సార్, ఆ ట్రాలప్ కథలో మీరు చెప్పని భాగం ఒకటుంది. తెల్లారి లేపి కాఫీ ఇవ్వడానికి ఒక ముసలి పనివాణ్ణి పెట్టుకున్నాడాయన, అందుకని ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చాడు. తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. మన పెన్నగట్టు అన్నకు కాఫీ ఎవరు పెట్టాలి? పొద్దున ఆరుకు మున్సిపాలిటీ నీళ్లు వస్తాయి, బిందెలు ఎవరు పట్టాలి?

రెండోది, చదవడాన్ని, చూడటాన్ని రాతకు శత్రువులని చెప్పడం నాకు మింగుడుపడదు. ‘మల్లీశ్వరి’నే తీసుకోండి. దాని వెనక బుచ్చిబాబు నాటిక ఉంది, ఒక ఇంగ్లీషు వారపత్రికలో వచ్చిన కథ ఉంది. అదే బి.ఎన్. తర్వాత తీసిన ‘బంగారుపాప’కు జార్జ్ ఎలియట్ 1861లో రాసిన ‘సైలాస్ మార్నర్’ మూలం. ఎక్కడో ఇంగ్లండులో నేతగాడి కథ చదివి, దాన్ని తెలుగు ఊరికి తెచ్చి, చూసినవాళ్లకు మన కథే అనిపించేలా చేశాడు. పులివెందుల కుర్రాడు చదవడం ఎగ్గొట్టి ఉంటే ఇది వచ్చేదా?

బురుజు (కర్నూలు) | సోమవారం, ఉదయం 9:45

బి.ఎన్. చదివాడు, తర్వాత తీశాడు కూడా. చదివి ఊరుకోలేదు. కాఫీ సంగతి మాత్రం మీరు గెలిచారు.

కారందోసె (కడప) | సోమవారం, మధ్యాహ్నం 1:10

అన్నా, ‘కొండపొలం’ పుస్తకం, సినిమా ఒకే వారంలో అయ్యాయి కదా. ఏమనిపించిందో రాయలేదు. ఊరించి వదిలేశావు.

పెన్నగట్టు (కడప) | సోమవారం, రాత్రి 9:30

రాస్తా. నవలకు 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి వచ్చింది, సినిమాను క్రిష్ 2021లో తీశాడు. కరువులో నీళ్లు, మేత లేక గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోవడం కథ. నవలలో లేని ప్రేమకథ సినిమాలో చేరింది. నాకేమీ కోపం రాలేదు, రెండు గంటలు జనాన్ని కూర్చోబెట్టాలంటే ఆయన తిప్పలు ఆయనవి. అడవి మాత్రం కళ్లనిండుగా చూపించాడు.

అయితే పుస్తకంలో నన్ను పట్టుకున్నది అడవి అందం కాదు. గొర్రెల కాపరికి అడవి అందంగా కనబడదు. ఆకు కనబడుతుంది, నీటిగుంట కనబడుతుంది, మందలో ఏ గొర్రె వెనకబడిందో కనబడుతుంది. చీకటి పడితే పులి ఎటునుంచి వస్తుందన్న బెదురు. సినిమాలో నేను చూసే మనిషిని, నవలలో తోలే మనిషిని. సరిగ్గా చెప్పలేకపోతున్నానేమో.

నేలటికెట్టు (ప్రొద్దుటూరు) | సోమవారం, రాత్రి 10:05

నాకు సాహిత్యం పెద్దగా తెలియదు గానీ టూరింగ్ టాకీసు అనేసరికి ఆగలేకపోతున్నా. మా ఊరి బయట బయలులో వేసేవాళ్లు. సాయంత్రం మైకులో ఘంటసాల పాడిన దేవుడి పాట వేస్తే ఊరంతా గబగబా అన్నాలు తినేది. నేల, బెంచీ, కుర్చీ. నేలంటే నిజంగా నేలే, ఇసుక పోసేవాళ్లు. మేం ఇసుకను కుప్పగా చేసుకుని ఎత్తుగా కూర్చుంటే వెనకున్నవాడు మొట్టికాయ వేసేవాడు. రీలు అయిపోగానే లైట్లు వేసేవాళ్లు. రీలు మార్చేదాకా ఈలలే ఈలలు.

పొద్దున్నే డేరా వెనక తెగిన ఫిల్మ్ ముక్కలు ఏరుకునేవాళ్లం. ఫ్యూజు పోయిన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ కొట్టించి, గోడమీద హీరో బొమ్మ వేసేవాళ్లం. ఎన్టీఆర్ తలకిందులుగా పడేవాడు, ముక్క తిప్పి పెట్టుకోవాలని తెలియడానికి చానా రోజులు పట్టింది.

మా వీధిలో ఒక ఆపరేటరు మామ ఉన్నాడు. రిటైరై ఇంట్లోనే ఉంటాడు. ఈ చర్చ చదివి వినిపించమంటారా?

పెన్నగట్టు (కడప) | సోమవారం, రాత్రి 10:07

అడిగేదేముంది సామీ! ఇప్పుడే పోండి.

నేలటికెట్టు (ప్రొద్దుటూరు) | సోమవారం, రాత్రి 10:09

ఇప్పుడు పోతే తంతాడు. తొమ్మిదికే పడుకుంటాడు.

ఆపరేటరు మామ (ప్రొద్దుటూరు) | మంగళవారం, సాయంత్రం 5:50

అందరికీ నమస్కారం. మా మనవరాలు టైపు చేస్తోంది, తప్పులుంటే ఆమెను అనండి.

1972లో హెల్పరుగా చేరినాను. తర్వాత ఆపరేటరు లైసెన్సు తీసుకుని టౌను హాళ్లలో కూడా చేసినాను. ప్రింట్లు పోయి డిజిటల్ వచ్చేదాకా అదే పని.

నవల రాసే ఆయన ఆట గురించి అడిగినాడంట. మొదట తెలుసుకోవాల్సింది, టూరింగులో మాకు ఒకటే మిషను. టౌను హాల్లో రెండుంటాయి. ఒకదాంట్లో రీలు అయిపోయే ముందు తెరమీద కుడివైపు పైమూల చిన్న గుండ్రటి చుక్క పడుతుంది, అది చూసి రెండో మిషను మోటారు వేయాల. ఇంకో చుక్క పడగానే బొమ్మ మార్చాల. చుక్కకు చుక్కకు మధ్య ఏడు సెకన్లు ఉంటుంది. జనానికి తెలియకుండా మార్చినవాడే ఆపరేటరు. టూరింగులో ఆ కష్టం లేదు, లైటు వేసి మార్చుకోవడమే, తిట్లు మాత్రం తినాల.

వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. నిమిషానికి 90 అడుగులు పోతుంది. మూడు గంటల సినిమా అంటే 16 వేల పైచిలుకు అడుగులు. ఆ లెక్క నాకు నిద్రలో అడిగినా వస్తుంది.

మా క్యాబిన్ రేకులది. నిప్పు భయానికి రేకులే వేయాల. మే నెలలో మన సీమ ఎండకు పొద్దంతా కాగి ఉంటుంది, లోపల దీపపెట్టె వేడి దానికి తోడు. ఒంటిమీద బనియను, తుండుగుడ్డ, అంతే. బయట ఆయిల్ ఇంజను డబడబ. లోపల మిషను టకటక. మనిషి పక్కన నిలబడి చెప్పినా సగమే వినపడుతుంది.

వెలుతురు బల్బుది కాదు. కార్బన్ కడ్డీలు రెండు ఎదురెదురుగా ఉంటాయి, పైన రాగి పూత. రెండింటినీ తాకించి చటుక్కున ఎడం చేస్తే మధ్యలో మంట నిలుస్తుంది. ఉత్త కంటితో చూస్తే కళ్లు పోతాయి, పెట్టె తలుపుకు ఉన్న నల్లద్దంలోంచే చూడాల. కడ్డీలు కాలేకొద్దీ తరిగిపోతుంటాయి. మధ్య ఎడం పెరిగిందంటే తెరమీద వెలుతురు పచ్చబడుతుంది, ఇంకొంచెం పెరిగితే ఆరిపోతుంది. అందుకని పిడి తిప్పుతూ దగ్గరికి జరుపుతుండాల. జరపడం మరిస్తే నేలటికెట్టు వాళ్లు మా అమ్మను, నాన్నను తలుచుకుంటారు.

ఇంక రెండో సంగతి. టూరింగుకు వచ్చే ప్రింటు అప్పటికే టౌన్లన్నీ తిరిగి గీతలు పడి, తెగి, అతికి ఉంటుంది. ఎప్పుడు తెగుతుందో తెలియదు. తెగితే బ్లేడుతో గీరి, సిమెంటు రాసి అతకాల. సిమెంటు అంటే ఇల్లు కట్టేది కాదు, ఫిల్మ్ అతికే మందు, ఘాటు వాసన. ఒక్కోసారి హీరో నోరు తెరిచి ‘నువ్వు’ అంటే తర్వాతి మాట విలన్ చెప్పేవాడు, మధ్యలో అంత పోయి ఉండేది.

నన్ను చానామంది అడుగుతారు, నీకేం మామా, ఊరికే సినిమాలు చూసినావు అని. ఒక్క సినిమా కూడా మొదటినుంచి చివరిదాకా నేను చూడలేదు. చూసింది నల్లద్దంలో మంటను. మధ్యమధ్యలో గోడ కంతలోంచి తెరను, అది కూడా బొమ్మ ఫోకసులో ఉందా లేదా అని. కథ అంతా చెవులతోనే.

కారందోసె (కడప) | మంగళవారం, సాయంత్రం 6:20

పెద్దాయనా, మీకు, మీ మనవరాలికి దండాలు.

పెన్నగట్టు అన్నా, పోయిన నెల నువ్వు ఇక్కడ పెట్టిన ముక్కలో ఆపరేటరు కబురు విని, తెరమీద ఏడుపు సీను చూస్తూ తనూ ఏడుస్తాడు. మామ చెప్పేదాన్నిబట్టి ఆ టైములో ఆయనకు తెరవైపు చూసే తీరికే లేదు. నువ్వు నేలమీద కూర్చుని రాస్తున్నావు, ఆయన క్యాబిన్లో ఉన్నాడు.

ఉగ్గాని (అనంతపురం) | మంగళవారం, రాత్రి 7:00

ఇదే కదా నిన్న ఈయన గొర్రెల కాపరి గురించి చెప్పలేక తడబడింది! చదివిన పుస్తకం జవాబు చెప్తూనే ఉంది. బురుజు సార్, వారం వృథా కాలేదని రాసుకోండి.

బురుజు (కర్నూలు) | మంగళవారం, రాత్రి 8:30

వృథా కాలేదన్నదానికి రుజువు పేజీ మీద కనబడాలి. ఇంకో హెచ్చరిక కూడా. వివరాలు దొరికాయి కదా అని అన్నీ దించేస్తే నవల మిషను గైడు అయిపోతుంది. 90 అడుగులు, 11 నిమిషాలు, రాగి పూత, బ్లేడు. పాఠకుడికి పరీక్ష పెడుతున్నామా? ‘శప్తభూమి’లో బండి నారాయణస్వామి గారు పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం చెప్పారు. ఎంత చదివి ఉంటారో! కానీ చదివిందంతా మనమీద కుమ్మరించలేదు.

ప్రింట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తెలుగులో తొలి టాకీ 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’. దాని ప్రింటే మిగల్లేదు. ఇట్లాంటి పెద్దాయనల మాటలైనా రాసి పెట్టుకోవాలి, నవలకు పనికొచ్చినా రాకపోయినా.

పెన్నగట్టు (కడప) | గురువారం, రాత్రి 11:50

నిన్న, ఈ రోజు రాశాను. పొద్దున 5:30కి కాదు, బిందెలు పట్టాకే. ఒక ముక్క పెడుతున్నా.

“రేకు తలుపు తోసుకుని హెల్పరు లోపలికి వచ్చాడు. ఏదో అన్నాడు. ఆపరేటరు నల్లద్దంలోంచి తల తిప్పలేదు. ‘ఏంది?’ అన్నాడు. హెల్పరు చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. ‘అక్క బస్సెక్కిందంట. పెట్టె కూడా తీసుకుపోయిందంట.’

కడ్డీల మధ్య ఎడం పెరుగుతోంది. పిడి తిప్పాడు. మంట నిలదొక్కుకుంది.

‘ఏ బస్సు?’ అన్నాడు.

‘ప్రొద్దుటూరు బస్సు.’

రీలు చివరికి వచ్చింది. చక్రం మీద చుట్టలో ఇంకా బొటనవేలు మందం ఫిల్మ్ ఉంది. లైటు వేయమని హెల్పరుకు చేత్తో సైగ చేశాడు. బయట ఈలలు మొదలయ్యాయి.”

ఇంతవరకే. ఏడుపు తీసేశాను. తెరమీద ఏ సీను నడుస్తోందో కూడా చెప్పలేదు.

కారందోసె (కడప) | శుక్రవారం, ఉదయం 7:40

‘ఏ బస్సు?’ దగ్గర నాకు గుండె జల్లుమంది. అంతకంటే ఏమీ చెప్పకు.

బురుజు (కర్నూలు) | శుక్రవారం, ఉదయం 8:05

బాగుంది. ‘మంట నిలదొక్కుకుంది’ కొంచెం కవిత్వం. తీసేస్తే ఇంకా బాగుంటుంది. మీ ఇష్టం.

ఉగ్గాని (అనంతపురం) | శుక్రవారం, ఉదయం 8:30

తీయొద్దు అన్నా. ఆ ఒక్కటైనా ఉండనీ. సార్ మాట వింటే చివరికి బస్సు టైం టేబులు మిగులుతుంది.

నేలటికెట్టు (ప్రొద్దుటూరు) | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

నాకు నచ్చింది. కానీ ఈలల దగ్గర ఒక్క బూతైనా పెట్టన్నా. బూతు లేకుండా రీలు మారిన ఆట నేను చూడలేదు.

ఆపరేటరు మామ (ప్రొద్దుటూరు) | శుక్రవారం, సాయంత్రం 6:10

మనవరాలు చదివి వినిపించింది. రీలు ఇంకా బొటనవేలు మందం ఉంటే లైటు వేయించరు, బొమ్మ నడుస్తుంటుంది కదా. రీలు పూర్తిగా పోయి తెర తెల్లబడబోతుంటే అప్పుడు వేయిస్తారు. అది దిద్దుకో నాయనా.

ఇంకొకటి. ఆ రాత్రి ఆడే సినిమా ఎన్ని రీళ్లు? కబురు ఎన్నో రీల్లో వచ్చింది? అది నీకు తెలియాల, పుస్తకంలో రాసినా రాయకపోయినా.

పెన్నగట్టు (కడప) | శుక్రవారం, రాత్రి 9:15

మామా, రీలు సంగతి ఇప్పుడే దిద్దాను. సినిమా 16 రీళ్లు అనుకుంటున్నా. కబురు ఇంటర్వెల్ అయ్యాక, పదో రీల్లో వస్తుంది.

ఆపరేటరు మామ (ప్రొద్దుటూరు) | శనివారం, ఉదయం 7:00

ఇంటర్వెల్ తర్వాత వస్తే ఆయప్పకు ఆట అయ్యేదాకా కదిలే దారి లేదు. పోలేదంటే ఎవరూ తప్పు పట్టరు. కబురు ఇంటర్వెల్‌కు ముందు రీల్లో పెట్టు. ఇంటర్వెల్లో రీలు వెనక్కి చుట్టేది హెల్పరు. ఆపరేటరు బీడీ తాగడానికి బయటికి వస్తాడు. బస్సు ఆగే చోటు డేరాకు ఎంత దూరమో నువ్వే పెట్టుకో. పావుగంట టైముంటుంది. పోయి పిలిచినాడా, బీడీ తాగి లోపలికి పోయినాడా, అది నువ్వు రాయాల.

పెన్నగట్టు (కడప) | శనివారం, ఉదయం 7:04

మామా, ఇదే ఆరో అధ్యాయం. ఈ రోజు సినిమాకు రమ్మని ఫోన్లు వస్తున్నాయి, రానని చెప్పేశా.

కారందోసె (కడప) | శనివారం, ఉదయం 7:30

బీడీ తాగుతాడనే నా పందెం.

నేలటికెట్టు (ప్రొద్దుటూరు) | శనివారం, ఉదయం 7:41

పోతాడు. కానీ బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

ఆపరేటరు మామ (ప్రొద్దుటూరు) | శనివారం, ఉదయం 8:10

ఆ కాలంలో రాత్రి బస్సు ఎప్పుడన్నా టైముకు వచ్చిందా? ఇంకా రోడ్డు పక్కనే నిలబడి ఉంటుంది ఆయమ్మ.